పిలిస్తే తిరిగొచ్చేదే వేటకుక్క

(మన సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి పెద్దల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ నుంచి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మీలో కొందరు వేరే మాట అడిగారు. "కుక్కపిల్లకు అడవిపంది వేట ఎట్లా నేర్పేవాళ్లో మీకు తెలుసట కదా, అది చెప్పండి" అన్నారు. ఆ మాట విని మా వయసువాళ్లు కొందరు ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఇది సభలో చెప్పే ముచ్చటేనా అన్నారు. మేము మాత్రం చెప్పాలనే అనుకున్నాం. మేము చెప్పకపోతే మీరు ఫోన్లో చూసి నేర్చుకుంటారు. అట్లా నేర్చుకుంటే ఏమవుతుందో మన బస్తీలోనే కళ్లారా చూశాం. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ముందు మేమెవరమో చెప్పాలి. భువనగిరి, నల్లగొండ వైపు ఊళ్ల నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని వచ్చి ఉప్పల్‌లో దిగిన ఎరుకల కుటుంబాలం. కొందరం నాచారం ఫ్యాక్టరీల్లో కూలికి కుదిరాం. కొందరం ఈత బుట్టలు, చాటలు అల్లి అమ్మాం. కొందరం పందులు పెంచాం. అడవిపంది వేట మేము చేసిన పని కాదు, మా తాతలు చేసిన పని. వాళ్ల వెంట నడిచి, వాళ్లు చెప్పింది విని, కుక్కలకు గటక కలిపి పెట్టిన పిల్లలం మేము. కాబట్టి ఈ మాటలు వేటగాళ్ల మాటలు కావు, వేటగాళ్ల మనుమల మాటలు.

మనం ఏకలవ్యుడి వారసులమని చెప్పుకుంటాం. ఆయన బొటనవేలు గురించి ప్రతి సభలో మాట్లాడతాం. ఆ కథలో ఒక కుక్క కూడా ఉందని ఎంతమందికి గుర్తుంది? పాండవులు వేటకు వెళ్తూ వెంట తీసుకుపోయిన కుక్క అది. అడవిలో ఏకలవ్యుణ్ని చూసి మొరిగింది. ఆయన దాని నోట్లో ఏడు బాణాలు వేశాడు. కుక్క చావలేదు, నోరు మాత్రం మూతపడింది. అది అట్లాగే తన యజమానుల దగ్గరికి తిరిగిపోయింది. ఆ బాణాలు చూసే అర్జునుడు వెతుక్కుంటూ వచ్చాడు, తర్వాత ద్రోణుడు వచ్చాడు, వేలు పోయింది. చిన్నప్పుడు మా తాతలు ఈ కథ చెప్పి చివర ఒక మాట కలిపేవాళ్లు: "కుక్క ఎక్కడికి పోతే మన గుట్టు అక్కడికి పోతుంది." ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక నేర్పే పద్ధతి.

మా తాతలు జాతికుక్కలు కొనలేదు, కొనే స్తోమత కూడా లేదు. ఊరకుక్కల్లోనే చూసి తెచ్చుకునేవాళ్లు. ముందు పిల్లను కాదు, తల్లిని చూసేవాళ్లు. తల్లి ఊరి జనంలో ఎట్లా తిరుగుతోంది, ఊరికే కరుస్తుందా, ఎండలో ఎంతసేపు తట్టుకుంటుంది, ఇవీ చూసేది. పాలు మరిచి సుమారు రెండు నెలలు నిండాక పిల్లను తెచ్చేవాళ్లు. అంతకంటే ముందే తెస్తే తోబుట్టువులతో కొరుకులాట ఆడని పిల్ల, ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకోదు. అన్నిటికంటే ముందు ఎగబడే పిల్లను, మూలకు ముడుచుకునే పిల్లను, రెండింటినీ వదిలేసేవాళ్లు. రాయి పడ్డ చప్పుడుకు ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి ఆ రాయిని వాసన చూసే పిల్లను ఎత్తుకొచ్చేవాళ్లు. భయం తెలియాలి, భయం నుంచి తేరుకోవడమూ తెలియాలి.

ఎరుకల ఇంట్లో కుక్కపిల్లకు మొదటి పాఠం వేరే ఇళ్లలో ఉండదు. మన దొడ్డిలో పందులుంటాయి. పెంపుడు పంది, అడవిపంది రెండూ నిజానికి ఒకే జాతి. సైన్సు వాళ్లు రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. వాసన కూడా దగ్గరే. రేపు పందిని తరమాల్సిన కుక్క, ఈ రోజు పంది పిల్లల మధ్య పడుకొని నిద్రపోవాలి. అందుకే పిల్లను దొడ్డి పక్కనే పెంచేవాళ్లు. తల్లిపంది ఒకసారి మూతితో ఎత్తి కొడితే చాలు, మర్యాద తెలిసొచ్చేది. కోళ్లు, మేకలు, పక్కింటి పిల్లలు, సంత జనం, అన్నిటి మధ్య తిప్పేవాళ్లు. "ఇంటిది ముట్టొద్దు" అన్నది వేటకంటే ముందు నేర్చుకోవాలి. ఇంటి పందిని ఒక్కసారి కరిచిన కుక్కను మళ్లీ వేటకు తీసుకెళ్లినట్టు మేము చూడలేదు.

రెండో పాఠం పేరు. పేరు రెండక్షరాలు ఉండాలి, గాలికి ఎదురుగా అరిచినా వినపడాలి. అన్నం ఒక్కరే పెట్టాలి, చేత్తో పెట్టాలి. పేరు పిలిచి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ముద్ద నోటికి అందాలి. పిలిచి కొట్టకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మా తాతలు మనుషుల మీద కూడా చెయ్యి చేసుకునేవాళ్లు. తప్పు చేసిన కుక్కను మనమే దగ్గరికి పోయి ఆపాలి తప్ప, "రా" అని పిలిచి దెబ్బ వేస్తే ఆ కుక్క ఇంక జన్మలో రాదు. పేరు తర్వాత మూడు మాటలు నేర్పేవాళ్లు: రా, నిలు, వద్దు. పొలం గట్టు మీద పొడుగాటి తాడు కట్టి నెలల తరబడి ఇవే. చూసేవాళ్లకు విసుగు పుట్టేది.

మూడో పాఠం వాసన. ఎండిన తోలుముక్కనో, పంది వెంట్రుకల కుచ్చునో తాడుకు కట్టి గడ్డిలో ఈడ్చుకుపోయి ఒక పొద వెనక దాచేవాళ్లు. మొదట పది అడుగులు, తర్వాత యాభై, తర్వాత వాగు దాటి. మొదట అప్పుడే ఈడ్చిన జాడ, తర్వాత గంట ఆగిన జాడ. కుక్క ముక్కు దించి పోవాలి, మధ్యలో కుందేలు లేచినా తల తిప్పకూడదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఈ పని. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే చల్లబడుతుంది. మన ఎండల్లో పది గంటల తర్వాత పరిగెత్తించడమంటే చంపడమే.

నాలుగో పాఠం పెద్ద కుక్క దగ్గర. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లను తాడుతోనే తీసుకెళ్లి దూరం నుంచి చూపించేవాళ్లు. ఏడాది నిండేదాకా, ఎముక గట్టిపడేదాకా, తాడు విప్పేది లేదు. పెద్ద కుక్క ఏం చేస్తుందో పిల్ల చూడాలి. పెద్ద కుక్క పందిని పట్టుకోదు. అక్కడే మీరు పొరబడుతున్నారు. అది పందికి అందనంత దూరంలో నిలబడి, చుట్టూ తిరుగుతూ మొరుగుతుంది. పంది ఒక పొదకో బండకో వెన్ను ఆనించి ఆగిపోతుంది. మిగతాది మనిషి పని.

ఎందుకు పట్టుకోకూడదో పందిని ఎరిగినవాళ్లకు తెలుసు. మగపంది కింది కోరలు పై కోరలకు రాసుకొని కత్తిలా పదునెక్కుతాయి. భుజాల మీద చర్మం డాలులా మందంగా ఉంటుంది. బాగా ఎదిగింది నూరు కిలోలు దాటుతుంది. తల దించి ఒక్క విసురు విసిరితే కుక్క పొట్ట చీలిపోతుంది. పిల్లల తల్లి అయితే కోర లేకపోయినా కొరికి వదలదు. "మీద పడే కుక్క ఒక వేటకు, మొరిగి నిలబెట్టే కుక్క పదేళ్లకు" అనేది మా ఇళ్లలో మాట.

మీరు ఫోన్లో చూసే వీడియోలు చాలావరకు అమెరికావి. అక్కడ "కర్" అనే రకం కుక్కలతో పందులను వేటాడతారు. లూసియానాలోని కటహూలా లాంటివి మొరిగి నిలబెడతాయి, వేరే కుక్కలు పట్టుకుంటాయి. పట్టే కుక్కకు మెడ నుంచి పొట్ట దాకా కోర దిగని కవచం తొడుగుతారు, మెడలో జీపీఎస్ పట్టీ ఉంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆ ఖండంలో పంది పుట్టలేదు, పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చారు. అక్కడది బయటి నుంచి వచ్చి చేలను, అడవిని పాడుచేసే జంతువు. ఇక్కడది ఈ మట్టిది. మన నల్లమలలో పులికి, చిరుతకు తిండి. వాళ్ల వీడియో చూసి మన గుట్టలో కుక్కను వదిలితే లెక్క కుదరదు.

ఇప్పుడు మల్లి సంగతి చెబుతాం. మాలో ఒకరి తాత పెంచిన గోధుమరంగు ఆడకుక్క, ఒక చెవి సగం లేదు. మాకు పదేళ్లు ఉంటాయేమో, ఒక సాయంత్రం జొన్నచేను అంచున మల్లి, ఇంకో రెండు కుక్కలు ఒక పందిని నిలబెట్టాయి. తాత బల్లెం పట్టుకొని దగ్గరికి పోయాడు. పంది వెనక పొదలో చారల పిల్లలు కనపడ్డాయి, నాలుగో ఐదో. తాత ఆగిపోయాడు. బల్లెం దించి ఒకే ఒక్కసారి "మల్లీ, రా" అన్నాడు. పంది పది అడుగుల్లో ఉంది. కుక్క ఒళ్లంతా వణుకుతోంది. ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి వచ్చి తాత కాళ్ల దగ్గర నిలబడింది. దాన్ని చూసి మిగతా రెండూ వచ్చాయి. మేము పిల్లలం, మాంసం పోయిందని ఏడ్చాం. తాత తన మూటలోని రొట్టెలో మొదటి ముక్క మల్లికి పెట్టి, "తరమడం ఏ కుక్కకైనా వచ్చు, ఇది తిరిగొచ్చింది చూడు" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో గటకే. కానీ అంత సంబరంగా ఉన్న తాతను మేము మళ్లీ చూడలేదు.

ఇప్పుడు పోయిన ఏడాది సంగతి. పేర్లు చెప్పం. ఆ పిల్లవాడు ఈ హాల్లోనే ఉన్నాడు, ఈ సంగతి చెప్పండని మాతో అన్నది కూడా వాడే.

వాడు డెలివరీ పని చేసి దాచుకున్న డబ్బుతో "వేటజాతి" అని చెప్పి అమ్మిన పిల్లను కొన్నాడు. బుల్లెట్ అని పేరు పెట్టాడు. గదిలో చోటు లేక పగలంతా గొలుసుతో కట్టేసేవాడు. రాత్రి డ్యూటీ అయ్యాక వీడియోలు చూసి నేర్పేవాడు. పట్టుకోవడం నేర్పాడు, రమ్మంటే రావడం నేర్పలేదు. ఎనిమిది నెలలకే స్నేహితులతో కలిసి ఘట్‌కేసర్ దాటి గుట్టల్లోకి తీసుకుపోయాడు. పంది కనపడగానే బుల్లెట్ తాడు లాక్కొని ఉరికింది. వీడు వెనక నుంచి గొంతు పోయేలా పిలిచాడు. అది వెనక్కి చూడలేదు. చీరుకుపోయిన కుక్కను చొక్కాలో చుట్టి, బండి మీద ఇద్దరి మధ్య పెట్టుకొని తెచ్చారు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ప్రాణం పోయింది.

అంతటితో అయిపోలేదు. వాడి స్నేహితుడు మొదట తీసిన వీడియో, కుక్క ఉరికే ముక్క, అప్పటికే ఫోన్లలో తిరిగింది. మేము కూడా చూశాం. నిజం ఒప్పుకోవాలి, మాలో కొందరం "మన రక్తం రా" అని మెచ్చుకున్నాం కూడా. పది రోజులకు అధికారులు వీడియో పట్టుకొని బస్తీకి వచ్చారు. కేసు అయ్యింది, ఇంకా నడుస్తోంది. వాడు రాసిన ఉద్యోగ పరీక్షకు పోలీసు వెరిఫికేషన్ ఉంది. అది ఏమవుతుందో అని వాళ్లమ్మ ఇప్పటికీ నిద్రపోదు. ఆ గుట్టకు ఎన్నడూ పోని పిల్లల ఇళ్లకు కూడా వచ్చి అడిగారు. కుక్క ఎక్కడికి పోతే గుట్టు అక్కడికి పోతుందన్న మాట మాకు ఆ రోజు అర్థమైంది.

బస్తీ మొత్తాన్ని అడగడం మనకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలన్నట్టుగా మన ఎరుకలను ఆ జాబితాలో చేర్చారు. హాజరు పట్టీలు, వేలిముద్రలు, ముళ్లకంచె సెటిల్‌మెంట్లు, అన్నీ అనుభవించాం. ఆ చట్టం 1952లో పోయింది. చూపు మాత్రం పూర్తిగా పోలేదు. అది న్యాయం కాదు, దాని మీద కొట్లాడతాం. కానీ ఆ చూపుకు మన చేతులతో మనమే వీడియో అందించవద్దు.

ఇక చట్టం సంగతి సూటిగా వినండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మా ఊళ్లకు దాని కబురు చాలా ఆలస్యంగా చేరింది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం, చివరికి ప్రయత్నించడం కూడా వేటే. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన జాబితాలో అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. శిక్ష జైలు, జరిమానా. బండి కూడా జప్తు చేస్తారు. చేను పాడుచేస్తోందంటే అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా ఎవరు చేసినా నేరమే.

"మనం గిరిజనులం, అటవీ హక్కుల చట్టం ఉంది కదా" అని మీలో కొందరు వాదిస్తున్నారు. 2006 నాటి ఆ చట్టం మనకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. సంప్రదాయ హక్కులను గుర్తించిన చోటే, వన్యప్రాణుల వేటను మినహాయిస్తున్నామని కూడా రాసింది. ఈ సంగతి తెలియని నాయకుడి మాట నమ్మి కోర్టు మెట్లు ఎక్కవద్దు. మాంసం కూర అయ్యాక ఎవరికి తెలుస్తుందని కూడా అనుకోవద్దు. మాంసం ముక్కలోని డీఎన్ఏతో అది ఏ జంతువుదో చెప్పే పద్ధతిని తయారుచేసింది ఎక్కడో కాదు, మనం రోజూ బస్సులో దాటిపోయే హబ్సిగూడ సీసీఎంబీలో.

మరి తాతలు నేర్పిన విద్య ఏం కావాలి? మట్టిలో కలిసిపోవాలా? వద్దు. వేట పోయినా విద్య ఉండాలి.

ఆ విద్యతో బతికేవాళ్లు దేశంలో ఉన్నారు. 2008 నుంచి అటవీ శాఖల కోసం కుక్కలకు శిక్షణ ఇస్తున్నారు. పులి చర్మం, ఎముకలు, అడవి మాంసం ఎక్కడ దాచినా వాసన పట్టి చూపిస్తాయి. మా తాతలు తోలుముక్క ఈడ్చి నేర్పిన పాఠమే అది, వేటగాడికి కాకుండా అడవికి పనికొస్తోంది. పోలీసు శాఖలో, భద్రతా దళాల్లో కుక్కలను నడిపించే ఉద్యోగాలున్నాయి. పశువైద్యంలో డిప్లొమా చదువులున్నాయి. దరఖాస్తు చేసేటప్పుడు మా దగ్గరికి రండి, కూర్చొని నింపుదాం. ఊరి బయట పందుల షెడ్డు నడుపుతున్నవాళ్లకు కాపలాకు, మందను మళ్లించడానికి బాగా నేర్చిన నాటు కుక్క ఒక మనిషితో సమానం.

ఇక్కడ బస్తీలోనే పెంచుకునేవాళ్లకు నాలుగు మాటలు. వేల రూపాయలు పోసి జాతికుక్క కొనవద్దు. మన గల్లీలో పుట్టిన పిల్లకు మన ఎండ, మన తిండి పడతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా వేయించండి, కార్పొరేషన్ లైసెన్సు తీసుకోండి. కట్టేసి ఉంచి కరవడం నేర్పవద్దు. 2023 ఫిబ్రవరిలో మన పక్కనే అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. మన గల్లీల్లోనూ పిల్లలే ఆడుకుంటున్నారు. ఎవరినైనా కుక్క కరిస్తే పసుపు, కారం అద్దవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి సూదులన్నీ పూర్తిగా వేయించుకోవాలి.

బుల్లెట్ పోయిన రెండు నెలలకు ఆ పిల్లవాడు మా దగ్గరికి వచ్చాడు. నాచారం గల్లీలో బండి కింద దొరికిన ఆడపిల్లను చంకలో పెట్టుకొచ్చాడు. "తాతా, దీనికి రావడం నేర్పుతారా?" అన్నాడు. పొడుగు తాడు తెచ్చుకోమన్నాం. ఇప్పుడు ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఖాళీ ప్లాట్లలో వాడు, వాడితో ఇంకో నలుగురు పిల్లలు, వాళ్ల కుక్కలు. రా, నిలు, వద్దు. చూసేవాళ్లకు ఇప్పటికీ విసుగే. పోయిన వారం పిల్లి ఎదురైతే ఆ కుక్క సగం దూరం ఉరికి, వాడు పిలవగానే వెనక్కి తిరిగింది. వాడి కళ్లలో నీళ్లు చూశాం. మాకు మల్లి గుర్తొచ్చింది.

రావాలనుకున్నవాళ్లు వచ్చే ఆదివారం రండి. కుక్క లేకపోయినా రావచ్చు. రొట్టె మాత్రం తెచ్చుకోండి, మొదటి ముక్క ఎవరిదో మీకు తెలుసు.

సెలవు. జై ఏకలవ్య.